ముప్పై సెకన్లు

ఫిబ్రవరి 6

ఆంప్లిఫయరు నాలుగోసారి తెచ్చాడు మా ఫ్యూజు. ఈసారి గుయ్‌మనలేదు.

ముందు మూడుసార్లూ నేనే వెనక్కి పంపాను. "ఎడమ స్పీకర్లో గుయ్‌మంటోందిరా" అంటే, వాడు స్పీకరుకి చెవి ఆనించి, "నాకేం వినపడట్లేదక్కా" అనేవాడు. వాడికెలా వినపడుతుంది? రేడియో స్టేషన్లో వాడు యంత్రాలు బాగుచేసేవాడు, నేను శబ్దాన్ని కోసి అతికించేదాన్ని. ఇరవై ఆరేళ్లు అదే పని. వార్తలు చదివే మనిషి ఊపిరి ఎక్కడ పీల్చాడో, ఎక్కడ వదిలాడో వేలు పెట్టి చూపించేదాన్ని. ఏ యంత్రం మొండికేసినా వాడు ముందు ఫ్యూజు మార్చేవాడు కాబట్టి ఆ పేరు కూడా నేనే పెట్టాను. ఇప్పుడు వాడి భార్య కూడా అలాగే పిలుస్తోంది.

బూట్ల పెట్టె అంత ఉంది ఆంప్లిఫయరు. పైన బొటనవేలంతేసి గాజు ట్యూబులు రెండు, ఎడమ స్పీకరుకొకటి, కుడిదానికొకటి. స్విచ్చి వేశాక ముప్పై సెకన్లు ఏమీ వినపడదు. ట్యూబులు వేడెక్కాలి. ముందు ఒక ఎర్ర చుక్క, తర్వాత నారింజ రంగు, ఆ తర్వాత లోపలెక్కడో టిక్‌మని, అప్పుడు పాట. ఆ ముప్పై సెకన్లూ కళ్లు మూసుకుని కూర్చున్నాను. మామూలు పెట్టెలకి ఈ మర్యాద తెలియదు, మీట నొక్కగానే మీద పడతాయి.

వయొలిన్ రికార్డు పెట్టాను. ఏడ్చాను. రిటైరయ్యాక నాకేం మిగిలిందని అడిగేవాళ్లకి ఇదీ జవాబు.

"ఇదీ ట్యూబంటే! ఇన్నాళ్లకి కుదిరిందిరా" అన్నాను.

"అక్కా, ఒక్క మాట..." అన్నాడు ఫ్యూజు. పాట అయ్యాక అన్నట్టు చెయ్యి ఊపాను. అయ్యాక చూస్తే లేడు. టీ కూడా తాగలేదు. ఉత్త మొహమాటస్థుడు.

ఫిబ్రవరి 7

పొద్దున రెండు రికార్డులు. సాయంత్రం మళ్లీ అవే రెండు. ఫ్యూజుకి ఫోన్ చేసి మాట్లాడలేక పెట్టేశాను. వాడికి అర్థమయ్యే ఉంటుంది.

ఫిబ్రవరి 11

ఆదివారం బృందం వచ్చింది. బృందమంటే ఎంతమంది, హెడ్మాస్టరు గారు, పళ్ల డాక్టరమ్మ, నేను, తలుపు దగ్గర నిలబడే ఫ్యూజు. వారానికోసారి మా హాల్లో కూర్చుని గంటన్నర మాట్లాడకుండా పాటలు వింటాం. మా ఆయనకి పాటలు పట్టవు, టీ మాత్రం ఆయనే పెడతారు.

ఈరోజు నేనే ఎక్కువ మాట్లాడాను. ఈ పెట్టెని హైబ్రిడ్ అంటారు కదా, అంటే ఏమిటని డాక్టరమ్మ అడిగింది మరి. పెట్టెలో రెండు గదులున్నాయనుకోండి అన్నాను. ముందుగది ట్యూబులది, వెనకగది ట్రాన్సిస్టర్లది. గొంతుకి రంగు ట్యూబు ఇస్తుంది, ఆ గొంతుని స్పీకరు దాకా మోసే బలం ట్రాన్సిస్టరు ఇస్తుంది. అన్నీ ట్యూబులే పెడితే గది పొయ్యిలా కాగుతుంది, పెట్టె ఇద్దరు మోసినా కదలదు. అన్నీ ట్రాన్సిస్టర్లే పెడితే పాట ఇస్త్రీ చేసినట్టుంటుంది. హెడ్మాస్టరు గారు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాసుకున్నారు. రిటైరైనా అలవాటు పోలేదు. ఫ్యూజు తల వంచుకుని కేబులు చుట్టాడు. చుట్టిన కేబులే విప్పి మళ్లీ చుట్టాడు.

వాళ్లు వెళ్లాక మా ఆయన తన కళ్లజోళ్ల షాపు సంగతి చెప్పారు. కళ్లు పరీక్షించేటప్పుడు ఒక్కోసారి అద్దం మార్చరట. తీసి, చప్పుడు చేసి, మళ్లీ అదే పెట్టి, "ఇప్పుడెలా ఉంది?" అంటారట. పదిమందిలో ఆరుగురు "ఆఁ, ఇప్పుడు బాగా కనపడుతోంది" అంటారట. వాళ్ల మాట ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి అదొక చిట్కా అట. కడుపుచెక్కలయ్యేలా నవ్వాను. పాపం జనం.

ఫిబ్రవరి 19

ఫ్యూజు ఒక పాత రేడియోలోంచి తీసిన ట్యూబుల జత తెచ్చాడు. నేనే అడిగాను. ఉన్నవి చల్లారనిచ్చి, తీసి, ఇవి పెట్టాను.

తేడా ఆకాశానికీ భూమికీ. ఆడగొంతు ఒక అడుగు ముందుకొచ్చింది. కింది స్వరాలు గుండ్రంగా అయ్యాయి. కొత్త జతలో కాస్త తడి తక్కువ, పాత జతలో తడి ఉంది. ఎడమదాన్ని కుడికి, కుడిదాన్ని ఎడమకి మార్చి చూశాను. ఇంకా బాగుంది.

"అంత తేడానా అక్కా?" అన్నాడు ఫ్యూజు.

"చెవులుంటే తెలుస్తుందిరా."

మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "నాకు రెండూ ఒకటే" అన్నారు. "మీకు చెవులున్నది కళ్లజోడు తగిలించుకోవడానికే" అన్నాను. మామూలుగా ఇలాంటివాటికి పడీపడీ నవ్వే ఫ్యూజు ఈసారి నవ్వలేదు. ఇంట్లో ఏదో గొడవై ఉంటుంది.

ఫిబ్రవరి 27

స్నానం చేస్తూ కూడా పాట వింటున్నాను, తలుపు ఓరగా తీసి. బయటికొచ్చి చూద్దును కదా, మా ఆయన గుడ్డ పట్టుకుని దుమ్ము దులుపుతున్నారు, చేతిలో నా ట్యూబులు! రెండూ! గాజుమీద వేలిముద్ర పడితే ట్యూబు పాడవుతుందని ఎన్నిసార్లు చెప్పాను. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఏదో చెప్పబోయారు. సంజాయిషీలు వద్దన్నాను. పాట చివరిదాకా వినలేదు, మూడ్ పోయింది.

మార్చి 3

హెడ్మాస్టరు గారికి కూడా ఇలాంటి పెట్టె కావాలట. ఫ్యూజు నసిగాడు. తీరిక లేదన్నాడు, సామాను దొరకడం లేదన్నాడు, కళ్లు సరిగ్గా కనపడటం లేదన్నాడు. వంటింట్లోకి పిలిచి చీవాట్లు పెట్టాను. "ఆయన నోరు తెరిచి అడిగితే కాదంటావా? నా మాటేం కావాలి?"

"మీరు చెప్తే చేస్తానక్కా. మీరు చెప్తేనే" అన్నాడు.

హెడ్మాస్టరు గారు నాతో ఒకే మాట అన్నారు. "నాకు ఇవన్నీ తెలియవమ్మా. మీ చెవి ఒప్పుకుంటే నా చెవి ఒప్పుకున్నట్టే."

ఈ మాట ఇక్కడ రాసి ఉంచుకుంటున్నాను. ఇంతకంటే నాకేం కావాలి.

మార్చి 14

ఎడమ ట్యూబు వెలగలేదు. ఎడమ స్పీకరు పాడుతోంది.

మార్చి 14, మధ్యాహ్నం

కుడివైపు నుంచి కొంచెం కారుతోందేమో అనుకున్నాను. కుడి స్పీకరు తీగ పీకేశాను. ఎడమది ఒక్కటే పాడింది. నిక్షేపంగా పాడింది. ట్యూబు చూస్తే చల్లగా, నల్లగా ఉంది. కనపడనంత సన్నగా వెలుగుతోందేమో అని కిటికీ తెర వేసి చూశాను. దగ్గరగా వంగి చూశాను. వేలితో ముట్టుకున్నాను.

తర్వాత కుడి తీగ కలిపి, గుడ్డతో పట్టుకుని రెండు ట్యూబులూ పీకేశాను. పాట ఆగలేదు. ఆగకపోవడం ఒక ఎత్తు, బాగుండటం ఒక ఎత్తు. ఆడగొంతు ఆ ఒక్క అడుగు ముందే నిలబడి పాడుతోంది.

కరెంటు తీసి, నాలుగు మరలు విప్పి, మూత తెరిచాను. ట్యూబు గుంతలకి వచ్చేవి రెండేసి తీగలు. వెలిగించడానికి మాత్రమే. పాట ఆ ఛాయలకే పోవడం లేదు. ముందుగది పనంతా గోరంత నల్ల చిప్పు ఒకటి చేస్తోంది, ఏ చవక రేడియోలోనైనా ఉండేది. దాని పక్కన ఒక టైమరు. స్విచ్చి వేశాక ఎంతసేపు ఆగి పాట వదలాలో చెప్పే టైమరు. దాని పక్కన పెన్సిలుతో 30 అని రాసుంది. కింది కొస లోపలికి మెలితిరిగిన ఆ మూడు ఎవరిదో నాకు తెలుసు. స్టేషన్లో రిపేరు చీటీల మీద ఇరవయ్యేళ్లు చూశాను.

నమ్మించి గొంతు కోశాడు. సొంత తమ్ముడికంటే ఎక్కువ అనుకున్నాను. వాడి పెళ్లికి నా గాజులు తాకట్టు పెట్టి డబ్బు పంపాను.

మార్చి 15

పాట లేదు.

మార్చి 16

ఈ డైరీ మొదట్నుంచి చదివాను. ఫిబ్రవరి 19 పేజీ చింపేద్దామని పట్టుకున్నాను. దాని వెనకవైపు ఫిబ్రవరి 27 ఉంది. స్నానం చేస్తూ కూడా పాట వింటున్నాను అని రాసుకున్నాను. బయటికొస్తే మా ఆయన చేతిలో ట్యూబులు రెండూ. నా చేత్తో నేనే రాసుకున్నాను. రాసి, వేలిముద్రల గురించి అరిచానని కూడా రాసుకున్నాను.

మా ఆయన్ని పిలిచి అడిగాను.

"ఆ రోజే చెప్పబోయాను" అన్నారు. "ట్యూబులు నా చేతిలో ఉన్నాయి, పాట ఆగలేదు. నాకు తెలియని విద్య కదా, లోపల కరెంటు కాస్త నిలవ ఉంటుందేమో అనుకున్నాను."

"తర్వాతయినా చెప్పొచ్చుగా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది శుభ్రంగానే ఉంది. "రిటైరయ్యాక ఏడాదిపాటు నువ్వు ఈ కుర్చీలోంచి లేవలేదు. ఈ పెట్టె వచ్చాక కూనిరాగం తీస్తూ తిరుగుతున్నావు. నేనెందుకు చెప్తాను?"

"మీ షాపుకొచ్చేవాళ్లలో నన్నూ ఒకదాన్ని చేశారన్నమాట. అద్దం మార్చకుండా చప్పుడు చేసి."

బయట ఒకడు, ఇంట్లో ఒకరు. ఇద్దరికీ తెలుసు. మధ్యలో నేను ఊరందరికీ పాఠం చెప్పాను.

మార్చి 18

ఫ్యూజు వచ్చాడు. నేను రమ్మనలేదు, హెడ్మాస్టరు గారి పెట్టె సగమైందని చెప్పడానికి వచ్చాడు. ట్యూబులు రెండూ బల్లమీద సాసరులో పెట్టి, పాట పెట్టి కూర్చున్నాను. గుమ్మంలోంచే చూశాడు. చూసి, సంచీ కింద పెట్టి, చెప్పకుండానే కూర్చున్నాడు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"నాలుగోసారి తెచ్చినప్పట్నుంచి."

"ఎందుకురా?"

ట్యూబులకేసి చూశాడు. "ముందు మూడుసార్లూ ట్యూబుల్లోంచే వెళ్లిందక్కా పాట. మీరు గుయ్‌మంటోందన్నారు. మీటరు పెట్టి చూశాను, ఏం లేదు. స్టేషన్ కుర్రాళ్లని ఇద్దర్ని కూర్చోబెట్టి వినిపించాను, వాళ్లకీ ఏం లేదు. మీకొక్కరికే ఉంది."

"అయితే?"

"అయితే ఒక పరీక్ష పెడదామనుకున్నా. ట్యూబుల్ని తప్పించి తెచ్చాను. అప్పుడు కూడా గుయ్‌మంటోందంటే, అది పెట్టెలో లేదక్కా, చెవి డాక్టరుకి చూపించుకోండి అని చెప్దామని. మీరేమో ఇదీ ట్యూబంటే అన్నారు. ఏడ్చారు. ఒక్క మాట అన్నాను, చెయ్యి ఊపారు."

"మర్నాడు చెప్పొచ్చుగా!"

"మర్నాడు ఫోన్ చేసి మళ్లీ ఏడ్చారు. ఆదివారం అందర్నీ కూర్చోబెట్టి పాఠం చెప్పారు. ఆ తర్వాత ఇంక ఎలా చెప్పనక్కా? మీ పరువు తీసినట్టు కాదా?"

"ఇప్పుడేం మిగిలిందిరా పరువు?"

నేనే మళ్లీ అన్నాను. "సరే. అదంతా ఒప్పుకుంటాను. నోరు పెగల్లేదు, మొహమాటపడ్డావు, అనుకుంటాను. మరి ఆ టైమరేమిట్రా? ఆ చిప్పుకి మూడు సెకన్లు చాలు. ముప్పై ఎందుకు పెట్టావు?"

"లేకపోతే స్విచ్చి వెయ్యగానే మీకు తెలిసిపోతుందని..."

"ఎవరైనా ఒక అబద్ధం నోరు జారి ఆడతారు. దానికి గడియారం కడతార్రా?"

నేను కళ్లు మూసుకుని కూర్చునే ఆ కాసేపటిని వాడు పెన్సిలు పట్టుకుని లెక్కేశాడు. మిగతాదంతా ఏనాటికైనా క్షమిస్తానేమో, ఈ ఒక్కటీ క్షమించలేను. అదే మాట వాడితోనూ అన్నాను.

"హెడ్మాస్టరు గారిది?" అన్నాను చివరికి.

"అది నిజంగా ట్యూబుల్లోంచే వెళ్తుందక్కా. ఒట్టు. మీదీ అలా మార్చేస్తాను, గంట పని."

"దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను."

వెళ్లిపోయాడు. ఖాళీ గుంతలు చూడలేక కొత్త జత ట్యూబులు తీసి పెట్టేశాను. వెలిగాయి. వెలగడానికేం.

మార్చి 20

చెవి డాక్టరు నంబరు మా ఆయన ఫ్రిజ్ మీద అంటించారు. తీసి పారేశాను.

మార్చి 21

మళ్లీ అంటించారు.

మార్చి 23

ఫ్యాను ఆపినా గుయ్‌మంటోంది. అన్ని ప్లగ్గులూ పీకి కూర్చున్నాను. పక్కింటి మోటారు అయ్యుంటుంది.

మార్చి 30

రేపు ఆదివారం. హెడ్మాస్టరు గారి పెట్టె రేపే మా ఇంటికి తెస్తారట, నా చెవి ఒప్పుకున్నాకే తీసుకెళ్తారట. రేపు అందరికీ చెప్పేస్తాను. నా పెట్టెలో ట్యూబులు దీపాలు మాత్రమేనని, నేను వాటిని మార్చి మార్చి విని మురిసిపోయానని, మీరు రాసుకున్నది కొట్టేయండని. ఆయన నా చెవిని నమ్మారు. నాలాగే ఆయన కూడా మోసపోకూడదు. మొదటి వాక్యం కంఠతా పట్టాను: "మీకొక సంగతి చెప్పాలి, నేను మోసపోయాను." రేడియోలో అయితే ఆ కామా దగ్గర ఊపిరి కోసేసేదాన్ని.

మార్చి 31

ఉన్నదున్నట్టు రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడా ఉండదు.

రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టారు. చూడటానికి కవలలు. ఫ్యూజు తలుపు దగ్గర, మా ఆయన టీ పళ్లెంతో వంటింటి గుమ్మంలో, హెడ్మాస్టరు గారు నా కుర్చీకి ఎడమవైపు, డాక్టరమ్మ కుడివైపు. ముందు హెడ్మాస్టరు గారిది. స్విచ్చి వేస్తే ముప్పై సెకన్లు పట్టింది, అసలు ముప్పై. ట్యూబులు నిజంగా వేడెక్కి, నిజంగా పాటని లోపలికి పిలిచి వదిలాయి. వయొలిన్ మొదలైంది.

నాకు గుయ్‌మని వినపడింది. ఎడమవైపు, సన్నగా. ఉందో లేదో నాకు తెలియదు. ఫ్యూజు నా మొహం చూసి కళ్లు దించుకున్నాడు.

తర్వాత నాది. దానికీ ముప్పై సెకన్లు. అదే రికార్డు, అదే వయొలిన్. ఎవరూ కదల్లేదు. పాట అయ్యాక హెడ్మాస్టరు గారు నోటుపుస్తకం తీశారు.

"గొంతుకి రంగు ట్యూబు ఇస్తుంది" అని చదివారు. "మీరు చెప్పిందేనమ్మా. ఆ రంగు మీదాంట్లో ఉంది. నాదాంట్లో తగ్గింది. అవునా, కాదా?"

"తేడా ఆకాశానికీ భూమికీ" అంది డాక్టరమ్మ.

అది నా మాట. నా నోట ఎన్నిసార్లు విన్నదో.

"ఫ్యూజూ, ఏమీ అనుకోకు నాయనా" అన్నారు హెడ్మాస్టరు గారు. "కష్టపడి చేశావు. కానీ నాకు అచ్చం అమ్మగారిదానిలాంటిదే కావాలి. ఏమంటారమ్మా? మీ చెవి ముందు మా చెవులెంత!"

అందరూ నావైపు తిరిగారు. మొదటి వాక్యం నోట్లోనే ఉంది. "మీకొక సంగతి" దాకా వచ్చింది కూడా. హెడ్మాస్టరు గారు పెన్సిలు తీసి రాసుకోవడానికి సిద్ధంగా పట్టుకున్నారు. ఆ పెన్సిలు చూశాను. నేను చెప్తే అది ఏం రాస్తుందో ఆలోచించాను. ఇరవై ఆరేళ్లు ఒకరి నోట తప్పు దొర్లితే వినే దేశమంతటికీ తెలియకుండా కోసేసిన మనిషిని. ఆ చెవి పోయిందని ఆయన రాసుకుంటారు. రాసుకుని, మర్యాదగా, వచ్చే ఆదివారం కూడా వస్తారు. వచ్చి, నన్నేమీ అడగరు.

కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

"మీకొక సంగతి చెప్పాలి" అన్నాను. "తేడా పట్టేశారే, మీ చెవి బాగా పదునెక్కింది మాస్టారూ. ఒరేయ్ ఫ్యూజూ, నాదానిలాగే చేసిపెట్టు."

ఎక్కడా అతుకు లేదు. హెడ్మాస్టరు గారు పసిపిల్లాడిలా సంతోషపడ్డారు. మా ఆయన టీ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడి, అందరికీ ఇచ్చి, నాకు ఇవ్వడం మరిచిపోయారు. మరిచిపోయారనే అనుకుంటున్నాను.

అందరూ వెళ్లాక ఫ్యూజు ఆ మంచి పెట్టెని చంకలో పెట్టుకున్నాడు. నిజాయితీగా చేసిన పెట్టెని విప్పి పాడుచెయ్యడానికి తీసుకెళ్తున్నాడు. మెట్ల దాకా వెళ్లాను. వాడి మీద కోపం పోలేదు. నాలుగు మెట్లు దిగి ఆగాడు. వెనక్కి తిరగలేదు. వెక్కిరింపుగా కాదు, రిపేరు చీటీ రాసుకునేటప్పుడు అడిగినట్టే అడిగాడు.

"టైమరు కూడా పెట్టనా అక్కా?"

పెట్టమన్నాను.